అమ్మమ్మ మోకాళ్ళకి కరెంటు వైద్యం

ఆ రోజుల్లో మా వైపు కరెంటు పని రాదనే మగాడు లేడు. నిజంగా వచ్చినవాళ్ళు మాత్రం తక్కువే. బల్బు మసగ్గా వెలిగితే ఇంటి యజమానే స్టూలెక్కేవాడు, ఫ్యూజు పోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాడు. తొంభైల చివర్లో బందరులో ఐటీఐ పూర్తిచేసి, గుడివాడలో ఒక వైరింగ్ షాపులో కుదురుకున్న నేను, లోకాన్ని షాకుల నుంచి కాపాడ్డానికే పుట్టాననుకునేవాణ్ణి. (టెస్టరు జేబులోంచి బయటికి కనపడేలా పెట్టుకుని పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళాను. ఎవరూ ఏమీ అడగలేదు.)

ఆ వేసవిలో కృత్తివెన్ను దగ్గర మావయ్య వాళ్ళింటికి వెళ్ళేసరికి, అమ్మమ్మ చేతిపంపు పక్కన పీట వేసుకుని, దాని హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. ఇంకో ఇద్దరు ముసలమ్మలు తమ వంతు కోసం చూస్తున్నారు. "సాయంత్రం లైట్లేశాక జివ్వుమంటుందిరా నాయనా. నొప్పులు చేత్తో తీసేసినట్టు పోతున్నాయి," అంది. వెతికితే తేలిన సంగతేమిటంటే, సముద్రపు ఉప్పుగాలికి తుప్పుపట్టి, కరెంటు తిరిగి వెళ్ళే న్యూట్రల్ తీగ స్తంభం మీద తెగిపోయింది. లైన్‌మన్ వచ్చేదాకా ఆగే ఓపిక లేక, మావయ్య ఇంటి న్యూట్రల్‌ని తీసుకెళ్ళి పంపు గొట్టానికి చుట్టేశాడు. ఇంట్లోకొచ్చిన కరెంటంతా ఆ పంపులోంచే నేలలోకి దిగుతోంది. నేల తడిగా ఉన్నన్నాళ్ళూ జివ్వుమంటుంది, ఎండేకొద్దీ షాకు పెరుగుతుంది. అసలే ఎండలు ముదురుతున్నాయి. ఏదో ఒక సాయంత్రం అమ్మమ్మ ఆ హ్యాండిలు పట్టుకుని ఇక లేవదని నాకు భయం పట్టుకుంది.

"ఆ తీగ ఇప్పుడే పీకెయ్యాలి మావయ్యా! న్యూట్రల్‌నీ ఎర్త్‌నీ కలిపేది ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, మన పంపు దగ్గర కాదు," అన్నాను.

"ఎక్కడ కలిస్తే ఏంట్రా అల్లుడూ, భూమి ఒకటేగా?" అన్నాడు మావయ్య.

ఇలా కాదని టెస్టరు తీసి పంపుకి ఆనించాను. అందులో ఎర్రగా దీపం వెలిగింది. "చూశారా!" అన్నాను గొప్పగా. అందరూ చూశారు. చూసి ఊరుకోకుండా ఊళ్ళో చెప్పుకున్నారు. మర్నాటి సాయంత్రానికి పంపులో దీపముందట అంటూ పక్క వీధి ముసలమ్మలు కూడా పీటలు తెచ్చుకున్నారు.

అప్పుడు నా పరువు నిలబెట్టింది మావయ్య గేదె. ఎండనపడి మేత నుంచి వచ్చి, పంపు కింద తొట్టిలో మూతి పెట్టిందో లేదో, ఉలిక్కిపడి వెనక్కి దూకింది. ఎంత బతిమాలినా మళ్ళీ దగ్గరికి రాలేదు. అమ్మమ్మ దాని వంక చూసి, పీట మీంచి లేచింది. "అంత దాహంతో ఉండి నీళ్ళు ముట్టలేదంటే ఏదో ఉందిరా. ఆ తీగ పీకెయ్యండి," అంది. నా మీద లేని నమ్మకం గేదె మీద ఉన్నందుకు మనసు చివుక్కుమంది. అయినా పేచీ పెట్టుకునే సమయం కాదని పరిగెత్తి మెయిన్ ఆపేసి, తీగ పీకేశాను.

మర్నాడు లైన్‌మన్‌ని నా సైకిలు మీదే ఎక్కించుకొచ్చి, స్తంభం మీద న్యూట్రల్ అతికించాం. పెరట్లో వేరే గొయ్యి తవ్వి, ఎర్త్ గొట్టం నిలబెట్టి, తేమ నిలవడానికి చుట్టూ బొగ్గూ ఉప్పూ వరసలుగా వేస్తుంటే అమ్మమ్మ వచ్చింది. "ఏంట్రా, ఊరగాయ పెడుతున్నావా? ఉప్పు చాల్లేదు, ఇంకో దోసెడు వెయ్యి!" అని దగ్గరుండి వేయించింది. ఆ సాయంత్రం లైట్లు తెల్లగా వెలిగాయి. గేదె తొట్టి ఖాళీ చేసింది. నేను పంపు పట్టుకుని చూశాను, చల్లని ఇనుము తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు, ఎప్పుడు వెళ్ళినా అమ్మమ్మ మోకాళ్ళు చాపి చూపించి, "హాయిగా ఉన్నదాన్ని, ఉన్న మందు కాస్తా ఊడబీకాడు" అని వచ్చినవాళ్ళందరి ముందూ నన్ను తిట్టేది. లైసెన్సు తెచ్చుకుని సొంత షాపు పెట్టాక కూడా ఆ తిట్లు తగ్గలేదు. ప్రాణం కాపాడినవాడికి ఇదా మర్యాద అని తెగ ఉడుక్కునేవాణ్ణి. ఎంత పిచ్చివాణ్ణో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆవిడ నన్ను అన్నేళ్ళు తిట్టగలిగిందంటే, పని బాగా చేసినట్టే కదా!