మాస్టారు ఆగే నిమిషం

మా పిన్ని నోట్లో నాలుక లేని మనిషి. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం మాటలు కత్తిరించడం. కాలేజీవాళ్ల ఆన్‌లైన్ కోర్సులకు పాఠాలు వీడియో తీసి, అందులోని దగ్గులూ తడబాట్లూ తీసేసి, నున్నగా చేసి ఇస్తుంది. "దొరక్క దొరక్క నీకు ఇదే దొరికిందా?" అని నేను ఏడిపిస్తే నవ్వి ఊరుకునేది.

చిక్కంతా లెక్కల మాస్టారితో వచ్చింది. ఆయన ముప్పై ఏళ్లు తరగతిలో చెప్పినవారు. కెమెరా ముందు కూడా ప్రశ్న వేసి, ఎదురుగా ఉన్న కుర్చీల వైపు చూస్తూ నిమిషంసేపు ఆగుతారు. ఆ కుర్చీల్లో ఎవరూ లేరని తెలుసు. అయినా ఆగుతారు. కోర్సులు చూసే ఆఫీసరుకి అది గిట్టలేదు.

"అంతసేపు ఖాళీగా ఉంటే ఎవరు చూస్తారమ్మా? అవన్నీ కట్ చేసెయ్. పన్నెండు నిమిషాలకి దించకపోతే ఈయన పాఠాలే తీసేస్తాం" అన్నాడు.

పిన్ని కత్తిరించింది. మాస్టారు ఆ వీడియో చివరిదాకా చూసుకున్నారు.

"ప్రశ్న నేనే వేసి జవాబు నేనే చెప్పేసుకుంటున్నానేంటమ్మా? ఇలాగైతే నేను చెప్పలేను" అన్నారు.

పిన్నికి ఆ రోజు అన్నం సయించలేదు. ఎందుకో నాకొక్కదానికే చెప్పింది. ఒకప్పుడు ఆయన తరగతిలో చివరి బెంచీ పిల్ల తను. ఆయన తన వైపు చూసి ఆగినప్పుడల్లా, జవాబు తెలిసి కూడా నోరు పెగిలేది కాదు. ఆ భయంతోనే డిగ్రీ సగంలో మానేసింది. మాస్టారికి ఇదేమీ గుర్తు లేదు. పిన్ని గుర్తు చెయ్యనూ లేదు.

వారం తర్వాత పిన్ని ఆఫీసరు బల్ల మీద ఒక కాగితం పెట్టింది. ఆ కత్తిరించిన వీడియోను పిల్లలు ఎక్కడెక్కడ ఆపారో కంప్యూటరు రాసిపెట్టే లెక్క అది. ప్రతి ప్రశ్న దగ్గరా వందలమంది ఆపారు. నిమిషమో రెండు నిమిషాలో పోయాక మళ్లీ నడిపించారు.

"లెక్క చేసుకోడానికి ఆపుతున్నారు సార్. నేను తీసేసిన నిమిషాన్ని వాళ్లే మళ్లీ పెట్టుకుంటున్నారు" అంది. ఆ ఆఫీసులో తను ఒకేసారి అన్ని మాటలు అనడం అదే మొదలట.

ఆఫీసరు తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. అయినా కాగితం రెండుసార్లు తిప్పి చూశాడు. "సరే, ఒక్క పాఠం కట్ చెయ్యకుండా పెట్టు. చూద్దాం" అన్నాడు.

ఆ పాఠం తీసే రోజున మాస్టారు ప్రశ్న వేసి, అలవాటుగా ఖాళీ కుర్చీల వైపు చూసి ఆగారు. కెమెరా వెనకాల నుంచి పిన్ని జవాబు చెప్పింది.

"పదిహేడు, మాస్టారూ."

ఆయన తల తిప్పి చూశారు. శభాష్ అనలేదు. తరగతిలో అడిగినట్టే, "ఎలా వచ్చింది?" అన్నారు.

పిన్ని చెప్పింది. మధ్యలో రెండుసార్లు తడబడింది, ఒకసారి దగ్గింది.

ఆ తర్వాత మాస్టారి పాఠాలన్నీ ఆగిన నిమిషాలతోనే పెడుతున్నారు. ఆ మొదటిది నేనూ చూశాను. పిన్ని తన దగ్గు కూడా తీసెయ్యలేదు.