పాడైన గాజుపలక

నగరం తన పాత పేరు విడిచి టోక్యో అయి, సమురాయిలు నడినెత్తి జుట్టుముడులు కోసుకుని, కాలమే కిమొనో విప్పి కొత్త కోటు తొడుక్కోబోయి ఏ చెయ్యి ఎటు దూర్చాలో తెలియక తికమకపడుతున్న ఆ రోజుల్లో, అసకుస పేటలో మాట మార్చని మనిషి ఒక్కడే ఉండేవాడు, అతడు ఛాయాచిత్రకారుడు గెన్పాచి, ఆ మాట "పలక పాడైంది."

గాజుపలకకు మందు పూసి, తడి ఆరకముందే బొమ్మ పట్టాలి. ఒక పలకకు ఒక్కటే బొమ్మ, ఇంటికి తీసుకెళ్ళేదీ ఆ గాజే. కూర్చున్నవారి మెడ వెనుక ఇనుప కొక్కెం బిగించి, ఊపిరి ఆపించి, ఆనక చీకటిగదిలోకి వెళ్ళి, దీనవదనంతో తిరిగివచ్చేవాడు గెన్పాచి. మంత్రి వచ్చినా, మల్లయోధుడు వచ్చినా అదే మాట, మళ్ళీ అదే కొక్కెం. ఊరగాయల వర్తకుడొకడు, మొదటిది ఎలాగూ పాడవుతుంది గనక రెండోదానితోనే మొదలుపెట్టమన్నాడు. గెన్పాచి సుదీర్ఘంగా ఆలోచించి, "అప్పుడదే మొదటిదవుతుంది కదండీ" అన్నాడు.

గోడలకు మట్టి మెత్తే తొకుజి మేస్త్రికీ ఆ కొక్కెం తప్పలేదు. ఒక్క బొమ్మకే ఆయువు తరుగుతుందంటారే, రెండా అని భార్య ఒకోమా బెంబేలెత్తింది. గెన్పాచి పెరట్లోని కొట్టుగదికి మూరెడు మందాన మట్టి మెత్తింది తొకుజియే. అందుకే చనువుగా, "మీలా నేను పని చేస్తే, పేటలో గోడలన్నీ ఒకసారి కూలాకే నిలబడతాయండీ" అన్నాడు.

మరుసటేడు జ్వరం తొకుజిని తీసుకుపోయింది. ఒకోమా ఆ బొమ్మను దేవుడి పీఠం మీద నిలిపి, ప్రతి ఉదయం అన్నం నివేదించి, పేట కబుర్లన్నీ చెప్పేది. చలిగాలులలో ఒకనాడు పేట అంటుకుంది. అత్తగారిని వీపున మోసుకుని ఆమె బయటపడింది, బొమ్మ మిగిలిపోయింది. బూడిదలో దొరికింది కరిగిన గాజుముద్ద. పది దినాలకే భర్త ముఖం తలపులో మసకబారసాగింది. ఆమెకు ఇల్లు పోయినదానికన్నా అదే దిగులు.

గెన్పాచి ఇల్లూ కాలింది. కొట్టుగది మాత్రం నల్లబడి నిలిచింది. నిప్పు చొరకుండా తలుపు సందులకు మెత్తిన మట్టి చెక్కుతూ అతడు ఒకోమాను పిలిచాడు. లోపల అరలనిండా చెక్కపెట్టెలు: పేటలోని ముఖాలన్నీ. ఒకటి ఆమె చేతిలో పెట్టి, అదే దీనవదనంతో అన్నాడు: "ఆ పలకలేవీ పాడవలేదమ్మా."

"మరి చెప్పలేదేం?"

"మీ ఆయన నీడ ఒకటి నా ఇంట్లో ఉంచుతానంటే ఊరుకునేదానివా? చీపురుతో తరిమేదానివి. మన ఊరేమో ఊరికే అంటుకుంటుంది. పాడైందంటే తిట్టి వదిలేస్తారు."

ఒకోమా పెట్టె తెరిచింది. కాలిపోయిన బొమ్మలో తొకుజి కొయ్యబొమ్మలా బిగుసుకుని ఉండేవాడు. ఇందులో పెదవి కొస కాస్త చెదిరింది. నవ్వు ఆపుకోలేక కదిలిన ఆనవాలు.

"ఇది నిజంగానే పాడైందండీ" అంది, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి.

గెన్పాచి తొంగిచూసి నొచ్చుకున్నాడు. "అవును. అదొక్కటే."

మేస్త్రి మెత్తిన ఆ గోడ నిలిచినన్నాళ్ళూ గెన్పాచి చల్లగా ఉండుగాక. అతని ఇంట నిప్పు పొయ్యి దాటకుండుగాక. అతని పిల్లల పిల్లలు ఆ దీనవదనంతోనే నూరేళ్ళు ఆ అబద్ధమే ఆడుదురుగాక.