నాయనమ్మ ప్రార్థన

కరేబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా దీవిలో సముద్రం ఒడ్డున నడుస్తుంటే నా భార్య, "ఏటండీ, ఎండ మన అనకాపల్లిలో లాగే కాత్తంది" అంది. కొబ్బరిబోండాలు అమ్ముతున్న ఎనభై దాటిన ముసలాయన ఆ మాట విని దగ్గరికొచ్చాడు. చిన్నప్పుడే కూలీల ఓడలో వచ్చిన తన నాయనమ్మ మాట ఇలాగే ఉండేదట. ఆవిడ రోజూ చేసే ప్రార్థనకు అర్థం చెప్పమని ఇంగ్లీషులో అడిగి, పొల్లుపోకుండా అప్పజెప్పాడు.

"నన్నొగ్గెయ్యండి, ఇంటికెల్లిపోతాను."

నా భార్య తల దించుకుంది. ఆయన మళ్ళీ మళ్ళీ అడిగితే, అది ప్రార్థన కాదని, తనను వదిలెయ్యమని వేడుకోవడమని నేనే చెప్పాను.

"ఆవిణ్ణి ఈ ఊళ్ళోనే పాతిపెట్టాం" అన్నాడాయన. "మట్టి వేస్తూ మేమంతా ఆ మాటే చదివాం."