వెండి రేకు ఎత్తిన చేయి

నా మూతి మీద మీసం సుత్తె పట్టినందుకే మొలిచిందని జహనుమాలో మా గల్లీ మొత్తం నమ్మింది. ఆ మాట మొదట అన్నది పక్కింటి అత్త. చక్కెర బదులుకు వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, "ఏంది వదినా గిట్ల? ఆడపిల్ల సుత్తె కొడితే మీసాలు రావా మరి?" అంది మా అమ్మతో. చక్కెర తీసుకుపోవడం మాత్రం మరిచిపోలేదు.

అవి డెబ్బైల నాటి రోజులు. బాపుది వరఖ్ కొట్టే పని. మిఠాయి మీద, పాన్ మీద అద్దే పల్చటి వెండి రేకును వరఖ్ అంటారు. తోలు పొరల కట్టలో వెండి ముక్కలు పెట్టి, రాతి మీద ఉంచి గంటల తరబడి కొట్టాలి. అది మగవాళ్ల పని. సాగిన రేకును చిరగకుండా ఎత్తి కాగితాల మధ్య పెట్టడం ఆడవాళ్ల పని. మగచేయి బరువు, ఆడచేయి తేలిక, పుట్టుకే అంత అనేవాళ్లు. పత్తర్‌గట్టిలో దుకాణం ఉన్న ఉస్తాద్ వెండిని మా ఇంటికే పంపేవాడు. ఆ పనితోనే మా పొయ్యి వెలిగేది.

నాకు పదహారేళ్లప్పుడు బాపు కుడి భుజం పట్టేసింది. చేయి చెవి దాకా లేవదు. ఉస్తాద్‌కు తెలిస్తే వెండి ఇంకో ఇంటికి పోతుంది. అందుకని సుత్తె నేను పట్టాను. మొదటి వారం అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో నెలకు జబ్బ గట్టిపడింది. దెబ్బ పడాల్సిన చోటే పడుతుంటే ఒళ్లంతా ఎంత హాయిగా ఉండేదో. ఆ హాయి నాది, ఎవరినీ అడిగి తెచ్చుకున్నది కాదు.

అత్త మాట విన్న మర్నాడే అమ్మ సుత్తెను బియ్యం డబ్బాలో దాచేసింది. శనగపిండి, పసుపు కలిపి నా మూతి మండేదాకా రుద్దింది. అప్పటికీ ఫికర్ తీరక ఆడవాళ్ల ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నన్ను పరీక్షించి, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది.

అమ్మ కాసేపు నసిగింది. "మా ఆడబిడ్డకు ఉన్నదమ్మా. ఆమె జన్మల సుత్తె ముట్టలే."

"మరి ఇంకేం? మీసం వీళ్ల వంశంలోనే ఉంది. సుత్తెతో వచ్చింది ఈ కండ ఒక్కటే," అని డాక్టరమ్మ నా జబ్బ నొక్కి చూసి నవ్వింది.

నాకు మాత్రం ఒళ్లు మండింది. పుట్టుకతో వచ్చినదానికి పనిని తిట్టారు. పనితో వచ్చే చేతి బలాన్నేమో పుట్టుక అన్నారు. ఇంటికి రాగానే బియ్యంలో చేయి పెట్టి సుత్తె బయటికి తీశాను. అమ్మ అలిగింది.

"నువ్వు మగోని పని చేస్తే నేను రేకు ఎత్త. ఎవలెత్తుతరో ఎత్తుకోండ్రి," అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

అప్పుడు రేకు ఎత్తడానికి బాపు కూర్చున్నాడు. భుజం లేవకపోయినా ఆయన వేళ్లు ఆడేవి. రేకు గాలికి ఎగిరిపోతుందని మేము ఎప్పుడూ తలుపు మూసే ఆ పని చేసేవాళ్లం. బాపు గడియ కూడా పెట్టేవాడు. రేకు ఎత్తుతుండగా ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. మొదట్లో ఎత్తినవన్నీ చింపాడు. నెల తిరిగేసరికి, ఊపిరి బిగబట్టి ఆయన రేకు ఎత్తుతుంటే అమ్మే వంటింట్లోంచి తొంగి చూసేది.

ఒకరోజు మేము పని ఆపి చాయ్ తాగుతుండగా ఉస్తాద్ చెప్పకుండా వచ్చాడు. కాగితాలు విప్పి ఒక్కో రేకూ చూశాడు. "మాషాల్లా. భాయ్, నీ దెబ్బ మునుపటికన్నా మంచిగ పడుతున్నది," అన్నాడు బాపుతో. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, నీ చెయ్యి మస్తు హల్కా. ఆడచెయ్యి అంటే గిట్ల తేలిగ్గ ఉండాలె."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బాపు నేల చూపులు చూశాడు. నోరు మూసుకుంటే వెండి వస్తుందని నాకూ తెలుసు.

"దెబ్బ నాది ఉస్తాద్. రేకు ఎత్తింది బాపు," అన్నాను.

ఉస్తాద్ నవ్వాడు. మా ముఖాలు చూసి నవ్వు ఆపాడు. "సరే బేటీ, పని ఆగది. బజార్ల మాత్రం ఈ మాట అనకుండ్రి, లొల్లి అయితది."

"అంటం. ఎవలడిగినా అంటం. మా పని కావాల్నంటే ఏది ఎవల చెయ్యో చెప్పి అమ్ముకోండ్రి. లేకుంటే మీ వెండి తీస్కపోండ్రి."

నా గొంతు అసలే మోటు, ఆ రోజు ఇంకా మోటుగా పలికింది. బిడ్డను ఆపుతాడేమోనని ఉస్తాద్ బాపు వైపు చూశాడు. బాపు చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. కొట్టి ఉంచిన కట్ట ఒకటి ముందుకు లాక్కుని, ఉస్తాద్ ఎదురుగానే, తలుపు బార్లా తెరిచి ఉండగానే, ఒక రేకు ఎత్తి కాగితం మీద పరిచాడు. అది చిరగలేదు. ఉస్తాద్ దాన్ని వంగి చూసి, తెచ్చిన వెండి పొట్లం అక్కడ పెట్టి వెళ్లిపోయాడు.

మీసం నేను తీయించుకోలేదు, ఇప్పుడూ ఉంది. బాపు ఆ తర్వాత కూడా రేకు ఎత్తేటప్పుడు గాలికి తలుపు మూసేవాడు. గడియ మాత్రం ఇంకెప్పుడూ పెట్టలేదు.