పక్కన వదిలిన జాగా

సిమ్లాలో రాత్రిపూట మంచు మొదలైతే ముందు తెలిసేది చెవికే. అప్పటిదాకా గోలగోలగా ఉన్న బజారు ఒక్కసారిగా సద్దుమణిగిపోతుంది. మొన్న చలికాలం అలాంటి రాత్రే ఒకటి, దిగువ బజారు మెట్ల దగ్గర కెమెరా బిగించుకుని నిలబడ్డాను. దుకాణాలన్నీ మూసేశారు. దీపస్తంభం కింది పసుపు వెలుగులో మంచు ఏటవాలుగా పడుతోంది. కెమెరా చెంపకు తగిలి చురుక్కుమంది. మొదటి ఫొటో తీసి చూసుకుంటే వీధి నిండా బూడిద పోసినట్టుంది. నా బొటనవేలు నన్నడక్కుండానే కెమెరా మీద వెలుగు పెంచే చక్రాన్ని నాలుగు గీతలు పైకి తిప్పింది. రెండో ఫొటోలో మంచు మంచులా ఉంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి ఢిల్లీ నుంచి వచ్చిన ఒకాయన వెనక నుంచి చూస్తూ, ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. అలవాటైపోయిందన్నాను. అబద్ధం. మంచు మొహం ఎన్నడూ చూడని సువార్తక్క నేర్పింది నాకా విద్య. ఆమె పేరు చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు రాలేదో రాయాలని అప్పట్నుంచీ అనుకుంటున్నాను. ఇన్నాళ్లకు కుదిరింది.

సువార్తక్కది నాగర్‌కర్నూల్‌లో బస్టాండు వెనక వీధిలో ఒంటిగది ఫొటో స్టూడియో. పెళ్లయిన ఏడేళ్లకు భర్త పోతే, ఆయన కెమెరా అమ్మేయమని చుట్టాలంతా చెప్పారట. ఆమె అమ్మలేదు, మెడలో వేసుకుంది. నేను ఉప్పునుంతలలో వేరుశనగ పండించే ఇంటి పిల్లను. డిగ్రీ అయ్యాక ఏదో దరఖాస్తు కోసం ఫొటో దిగడానికి వెళ్లి, ఆమె కంప్యూటర్ మీద పని చూస్తూ ఆగిపోయాను. ఆ ఆగడం నాలుగేళ్లు సాగింది. మొదటి వారంలోనే మా నాన్న తగాదాకు వచ్చాడు. "ఫొటోలు తీసుడు ఆడివిల్ల జేసే పనేనా?" అని గుమ్మంలోంచే కేకేశాడు. ఆమె లెన్సు తుడుచుకుంటూ తలెత్తకుండానే, "మరి నన్నేమనుకుంటున్నవ్ పెద్దన్నా, మొగోన్ననుకుంటున్నవా? లోపలికి రా, జర చాయ్ తాగు" అంది. మా నాన్నకు నవ్వాగలేదు. చాయ్ తాగి, ఫొటో కూడా దిగి వెళ్లాడు.

ఆ ఫొటో దిగింది కూడా మంచులోనే. స్టూడియో వెనక గోడకు ఒక పెద్ద తెర ఉండేది. రాత్రివేళ, మంచు కురుస్తున్న ఏదో పరాయి నగరంలో ఒక వీధి. సినిమా హాళ్లకు బోర్డులు రాసే వనపర్తి పెయింటరొకాయన పాత క్యాలెండరు చూసి వేసింది. ఆయనా మంచు చూసినవాడు కాదు. అందుకే మంచుకు బట్టలకు పెట్టే నీలిమందు రంగొచ్చింది, దీపస్తంభాలు తాగినట్టు ఓ పక్కకు ఒరిగాయి. పక్కనే మేకుకు ఒక ఉన్ని స్వెట్టరు, మఫ్లరు వేలాడుతుండేవి. మే నెలలో, రోడ్డు మీద తారు కరుగుతుంటే, పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆ స్వెట్టరు తొడుక్కుని, చెమటలు కక్కుతూ, ఆ చల్లని వీధిలో బిగుసుకుని నిలబడేవారు. నేను నోరు మూసుకుని నవ్వుకునేదాన్ని. సువార్తక్క మాత్రం ఆ తెరను చర్చిలో ఉన్నంత శ్రద్ధగా చూసుకునేది. బొమ్మలో దీపం ఎడమ వైపుంది కాబట్టి తన బల్బు కూడా ఎడమ వైపే పెట్టి, దానికి పసుపు కాగితం చుట్టేది. నేనొకసారి తొందరలో బల్బు కుడివైపు పెట్టాను. "దీపం ఆడ ఉంటే మొఖానికి వెలుగు ఈడికెల్లి ఎట్లొస్తది పిల్లా? ఆళ్లు నిజంగ ఆ వీధిల నిలబడ్డమనుకుంటుండ్రు. మనమే నమ్మకుంటే ఎట్ల?" అంది. నాకప్పుడు అది చాదస్తమనిపించింది.

తెలుపును ఎలా పట్టుకోవాలో నేర్పింది మాత్రం పత్తిలో. ఒక మధ్యాహ్నం నన్ను జిన్నింగ్ మిల్లు ఆవరణకు తీసుకుపోయి, ఇంటెత్తు పత్తి కుప్ప ముందు నిలబెట్టి తియ్యమంది. తీశాను. పత్తి మురికిగా, నేలరంగులో వచ్చింది. మిషన్ పాడైందన్నాను. "మిషన్ మంచిగనే ఉంది. దానికి తెలుపంటే భయం. ఇంత తెలుపు ఉంటదని నమ్మదు, అందుకని తగ్గిస్తది. నువ్వు చూస్తున్నవు గదా, నువ్వు చెప్పాలె దానికి" అని నా బొటనవేలు పట్టుకుని చక్రం తిప్పించింది. ఆ సాయంత్రం దాకా పత్తే తీశాము, ఎండలోనూ నీడలోనూ. ఒంటి నిండా దూది అంటించుకుని రిక్షాలో తిరిగొస్తుంటే బజారంతా మమ్మల్నే చూసింది. ఈనాడు నా మంచు ఫొటోలు చూసి ఎవరేం మెచ్చుకున్నా, అందులో ఉన్నది ఆ మధ్యాహ్నమే.

ఇక ఆ స్టూడియోలో ఇంకో పద్ధతి ఉండేది, దాని గురించి చెప్పకపోతే మిగిలినది అర్థం కాదు. మా వైపు ఇంటికొక మనిషైనా ఏ డ్యాము కాడో, ఏ సొరంగం కాడో, దూరదేశాల్లో కూలి పనిలో ఉంటాడు. వచ్చేది ఏ పీర్ల పండుగకో. అందుకని ఫొటోకు వచ్చిన ఇంటివాళ్లు, లేని మనిషి కోసం పక్కన జాగా వదిలి నిలబడేవారు. ఆయన ఊరికి వచ్చినప్పుడు అదే తెర ముందు, అదే బల్బు కింద, ఒక్కడే వచ్చి నిలబడతాడు. సువార్తక్క కంప్యూటర్ మీద ఇద్దరినీ ఒకే ఫొటోలో కలుపుతుంది. నేల మీద సున్నంతో గుర్తులు, బల్బు ఎత్తు, అన్నీ రాసి పెట్టుకునేది. ఆ మధ్యకాలమంతా జాగా ఉన్న ఫొటోనే ఇంట్లో గోడకు వేలాడుతుంది. ఊళ్లలో అదేమీ వింత కాదు.

కోడేరు నుంచి బాలమణి అలాగే వచ్చింది. పెళ్లై ఏడాదైనా కాలేదు. భర్త ఆంజనేయులు హిమాచల్‌లో సొరంగం పనికి పోయాడు. ఆయన పంపిన ఫొటో తన ఫోనులో చూపించింది. రేకుల షెడ్డు, చుట్టూ మంచు. "ఆడ ఊరంత గిట్లనే ఉంటదంట అక్కా. ఆయన ఉన్న కాడ నేను గూడ ఉన్నట్టు రావాలె" అంది. సువార్తక్క ఆమెను తెర ముందు నిలబెట్టి, "మీ ఆయన ఎంతెత్తు ఉంటడు?" అని అడిగింది. బాలమణి సిగ్గుపడి, "నా తల ఆయన చెవి కాడికొస్తది" అంది. సువార్తక్క ఒక వెదురు కట్టె తెచ్చి, ఆ ఎత్తున ఎర్ర దారం కట్టి, బాలమణి పక్కన నిలబెట్టి పట్టుకొమ్మని నాకిచ్చింది. "ఆ దారం దిక్కు చూడు. మీ ఆయన మొఖం అదే" అంది. "కట్టెను చూసి ఎట్ల నవ్వాలె?" అని బాలమణి పకపకా నవ్వేసింది. నవ్వి నవ్వి, చివరకు ఆ దారాన్ని చూస్తూ ఒక చిన్న నవ్వు దగ్గర ఆగింది. సువార్తక్క సైగ చేసింది. నేను కట్టెతో సహా పక్కకు దూకాను. ఫొటో పడింది.

మరుసటి ఏడాది నేను హైదరాబాదు పోయాను, పెళ్లి ఫొటోలు తీసే ఒక కంపెనీలో పనికి. ఒక జంట వెంట మనాలి వెళ్లినప్పుడు మొదటిసారి అసలు మంచు చూశాను. జంటను హోటల్లో వదిలేసి రాత్రంతా వీధులు తీశాను. తర్వాత ప్రతి చలికాలం వెళ్లాను, సిమ్లా, శ్రీనగర్, రాత్రివేళ మంచు వీధులు. కొంత పేరొచ్చింది. హైదరాబాదులో ప్రదర్శన పెట్టారు, నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడటానికి ముందు నాకు భయంగా ఉంది. సభలో ఉన్నవాళ్లంతా నాకంటే బాగా చదువుకున్నవాళ్లలా, నాకంటే బాగా తిరిగినవాళ్లలా కనిపించారు. నవ్విస్తే నన్ను తమలో కలుపుకుంటారనిపించింది. అందుకే నా మంచు ఫొటోల మధ్యలో ప్రొజెక్టరుతో బాలమణి ఫొటో వేశాను. "ఇది నేను చూసిన మొదటి మంచు నగరం. మా పాలమూరు స్విట్జర్లాండ్" అన్నాను. సభ నవ్వింది. ఆ నవ్వు నాకెంత బాగుందో చెప్పలేను. ఒరిగిన దీపాల గురించి చెప్పాను, నీలం మంచు గురించి చెప్పాను. ఇంకా నవ్వారు. అప్పుడు బాలమణి మొహం చూపించి, "ఈమె ఎవరిని చూసి నవ్వుతోందో ఆ దేవుడికే ఎరుక. చలికి బుర్ర గడ్డకట్టి ఉంటుంది" అన్నాను. హాలు దద్దరిల్లింది. ఆ కట్టె పట్టుకున్నది నేను. ఆమె ఎవరిని చూసి నవ్విందో నాకు తెలుసు. తెలియక అన్న మాట కాదది.

దీపాలు వెలిగాక చూస్తే చివరి వరుసలో సువార్తక్క కూర్చుని ఉంది. ఆదివారం చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. పేపర్లో నా పేరు చూసి, నాకు చెప్పకుండా బస్సెక్కి వచ్చింది. ఆమె గోడల మీద ఫొటోలన్నీ ఒక్కొక్కటి దగ్గరికి పోయి చూసింది. "తెలుపు మంచిగ పడ్డది పిల్లా" అంది. ఆ తర్వాత, "బాలమణి పక్కకు జాగ ఎందుకుందో చెప్పకపోతివి" అంది. అంతే, గొంతులో కోపం లేదు. నిజంగానే మరిచిపోయానేమోనన్నట్టు అడిగింది. టైం సరిపోలేదక్కా అన్నాను. ఆమె తలూపి, నాగర్‌కర్నూల్ బస్సు దొరకదేమోనని వెళ్లిపోయింది. భోజనం చేసి పొమ్మని కూడా నేననలేదు. అక్కడున్న పెద్దలకు ఈమె నా గురువని పరిచయం చేయలేదు. ఆమె త్వరగా వెళ్లిపోతే బాగుండునని గడియారం చూశాను.

నా మాటల్లోంచి ఆ ముక్క ఒక్కటీ ఎవరో కత్తిరించి ఫోన్లలో వదిలారు. అది తిరిగి తిరిగి సొరంగం దగ్గరి షెడ్డుకు కూడా చేరింది. తోటి కూలీలు ఆంజనేయులును పట్టుకున్నారు. నీ పెండ్లాం ఎవన్ని చూసి నవ్వుతుందిరా అని. ఇదంతా నాకు సువార్తక్క ఫోనులో చెప్పింది. "పీర్ల పండుగకు వచ్చిండు. ఇన్నేండ్లు తీరిక దొరకలే, ఈసారి దిగుతనన్నోడు ఇప్పుడు ఫొటోకు రానన్నడంట. ఆ పిల్లతోని మాట్లాడుతలేడంట. ఊర్లె ఉన్నప్పుడే పోయి చెప్తె తీరిపోతది. ఆదివారం నువ్వు వస్తే ఇద్దరం కలిసి కోడేరు పోదాం" అంది. గద్వాలలో చీరల ఫొటోలు తీసే పనుంది, వచ్చే వారం వస్తానన్నాను. పని ఉన్న మాట నిజమే. కానీ అది శనివారమే ముగిసింది. ఆదివారం గద్వాల లాడ్జిలో ఫ్యాను చూస్తూ పడుకున్నాను. అక్కడి నుంచి కోడేరు ఎంత దూరమని! "వచ్చే వారం దాకా ఆయన ఉండడు పిల్లా" అన్న ఆమె మాట చెవిలో మోగుతూనే ఉంది. ఆమె ఒక్కతే వెళ్లింది. ఏం మాట్లాడి వచ్చిందో తర్వాత నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎవరో ఒకరు తీర్చారు కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

ఆ వానాకాలంలో సువార్తక్క పోయింది. ఛాతీలో నొప్పంటే మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతుండగా దారిలోనే. సమాధుల తోటకు ఎన్ని ఊళ్ల నుంచి వచ్చారో! ఆమె కలిపిన మొగుడూపెళ్లాలు, ఆ ఫొటోల తర్వాత పుట్టిన పిల్లలు. నేను ఒక చెట్టు చాటున నిలబడి ఆ జనంలో బాలమణి కోసం వెతికాను. కనిపించలేదు. కనిపించనందుకు గుండె తేలికపడింది. ఇది రాయడానికి చెయ్యి వెనకాడుతోంది, కానీ జరిగింది అదే.

ఏడాది తిరిగాక ఇక ఉండబట్టలేక కోడేరు వెళ్లాను. తప్పు ఒప్పుకోవాలనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. బాలమణి గుమ్మంలోకి వచ్చి, నన్ను గుర్తుపట్టి, "నువ్వు అక్క దగ్గర పని చేసినామెవు గదూ, రా రా" అని పీట వేసింది. చంకలో పిల్లవాడున్నాడు. ఆంజనేయులు మళ్లీ పనికి పోయాడట. గోడ మీద ఫొటో లేదు. నేను గొంతు సవరించుకునేలోపే ఆమే మొదలుపెట్టింది.

"నీ మీద మాకేం కోపం లేదమ్మా. అక్క వచ్చి అంత చెప్పింది గదా. 'ఆ పిల్లకేం తెల్వదు, గట్ల చెప్పుమని నేనే రాసిచ్చిన, స్టూడియోకు పేరొస్తదని ఆశపడ్డ, తప్పు నాదే' అన్నది. మా ఆయన ఆమెను అనరాని మాటలన్నడు. వాకిట్ల నిలబెట్టి తిట్టిండు. తల వంచుకొని పడ్డది గనీ ఒక్క మాట తిరిగి అనలే. ఆ తరువాత నాతోని మంచిగనే ఉండవట్టిండు. గనీ ఆమె మీద కోపం మాత్రం పోలే. సావుకు గూడ పోనియ్యలే నన్ను. నాకూ పోబుద్ధి కాలే. అంత నమ్మితిమి, గట్ల చేసె."

లోపలికి పోయి టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. గ్లాసు కాలుతోంది. ఇప్పుడే చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. "చక్కెర సరిపోయిందా అక్కా?" అని అడిగింది బాలమణి.

సరిపోయిందన్నాను. ఇప్పటిదాకా ఆమెతో నేను చెప్పింది అదొక్కటే.