చల్లగాలి కొట్టిన హీటర్

మధ్యాహ్నం లడాఖ్‌లోని సైనిక పోస్టుకు చేరాం. ఎటు చూసినా రాయి, మంచు. కళ్లలో వచ్చిన నీళ్లు రెప్పల మీదే గడ్డకట్టాయి. నాకు తెల్ల బూట్లు, రెండు జతల చేతితొడుగులు, అంబులెన్సులో రెండో డ్రైవరు పని ఇచ్చారు.

మొదటి డ్రైవరు మా వైపు మనిషే, పెద్దేముల్‌వాడు. సైన్యంలోకి రాకముందు తాండూరులో బండల లారీ నడిపాడు. నాది వికారాబాద్. అక్కడి లైబ్రరీలో మోటారు బండ్ల పుస్తకాన్ని అట్ట ఊడేదాకా చదివినవాణ్ణి. ఆ మాట చెబితే ఆయన నవ్వాడు.

"పుస్తకంల బ్రేకులు వడ్తయా, తమ్మీ?"

జనవరిలో సిగ్నల్ ఆపరేటర్ యాంటెనా సరిచేయడానికి తొడుగులు తీశాడు. వేళ్లు గడ్డకట్టాయి. బీహార్ కుర్రవాడు. నర్సింగ్ అసిస్టెంట్ గోరువెచ్చని నీళ్లలో వాటిని కరిగించాడు. కింది ఆసుపత్రికి చేరేదాకా అవి మళ్లీ గడ్డకట్టకూడదు, కడితే కోసేయాల్సిందే అన్నాడు. వైర్‌లెస్‌లో కమాండర్ గొంతు వచ్చింది: "రోడ్డు తెరిచి ఉంది. బయల్దేరండి."

ఆపరేటర్‌ను అంబులెన్సు ఎక్కించి హీటర్ వేశాం. ఫ్యాను తిరిగింది. చల్లగాలి కొట్టింది. ఎంత దూరం పోయినా అదే గాలి. నర్సింగ్ అసిస్టెంట్ ఆ చేతులను తన చొక్కా లోపల పెట్టుకున్నాడు. చాలలేదు.

బండి ఆపించి బానెట్ ఎత్తాను. రేడియేటర్‌లో నీళ్లు నిండుగానే ఉన్నాయి. హీటరుకు పోయే గొట్టాన్నీ, తిరిగొచ్చే గొట్టాన్నీ పట్టుకున్నాను. ఒకటి వేడిగా, ఒకటి చల్లగా ఉంటే మధ్యలో అడ్డం పడినట్టు. రెండూ ఒకేలా చల్లగా ఉన్నాయి. అంటే హీటర్ మంచిదే. ఇంజనే వేడెక్కడం లేదు. ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్ ఒకటి ఉంటుంది. అదేమైందని అడిగాను.

"నేనే పీకేసిన" అన్నాడు డ్రైవరు. "మొన్న గుట్ట ఎక్కుతుంటె ఇంజన్ మరిగింది. తాండూరుల లారీలన్నిటికి పీకేస్తం. ఇంజన్ సల్లగుంటది."

"గిది తాండూరా, అన్నా?"

వాల్వ్‌ను పారేశాడట. కొట్టాలనిపించింది. అంత సమయం కూడా లేదు. చల్లగాలి తగలకుండా రేడియేటర్ ముందు నా కంబళి కట్టాను. ఇంజన్ వేడి చూపే ముల్లు కదలడానికి ఎన్నో మలుపులు పట్టింది. వెచ్చటి గాలి వచ్చేసరికే ఆ వేళ్లు మళ్లీ గడ్డకట్టి తెల్లబడ్డాయి. నొప్పి పోయిందని ఆపరేటర్ శుభవార్తలా చెప్పాడు.

"మంచికే జేసిన, తమ్మీ" అన్నాడు డ్రైవరు. ఆ మాటకు నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. బండి ఎక్కడ నడుస్తోందో చూడనివాడికి మంచేమిటో ఎట్లా తెలుస్తుంది? ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.

డ్యూటీ ముగిసి, మండే ఎండలో వికారాబాద్ స్టేషన్‌లో దిగాను. అందరూ తుపాకుల సంగతి అడుగుతారు. నేను వాల్వ్ సంగతి చెబుతాను. కారులో హీటర్ ఎందుకని నవ్వుతారు. నవ్వినవాళ్లతో మళ్లీ మాట్లాడను.

లడాఖ్‌లో ఉండగానే, వేళ్లు తీసేశాక ఆపరేటర్‌ను చూడటానికి నేనూ డ్రైవరూ ఆసుపత్రికి వెళ్లాం. చొక్కా గుండీ పెట్టుకోలేక తంటాలు పడుతున్నాడు. డ్రైవరు వంగి, ఒక్కొక్కటే మెడదాకా పెట్టాడు. దారిలో వాల్వ్ గురించి మేం తెలుగులో అనుకున్నది ఆ కుర్రవాడికి అర్థం కాలేదు. డ్రైవరు భుజానికి తల ఆనించి, "చాలా మంచివాడివి, అన్నా" అని హిందీలో అన్నాడు. డ్రైవరు చివరి గుండీ సరిచేస్తూ ఉండిపోయాడు.