ఇప్పలగుంపు నాగక్క కొలిచిన తడి

2002లో జూన్ నెల రెండు మంచి వానలతో మొదలైంది. ఇప్పలగుంపులో అందరితో పాటు కుంజ నాగక్క కూడా విత్తనం పెట్టింది. ఆ తర్వాత జులై అంతా చినుకు లేదు. నెలాఖరున ఒక సాయంత్రం అరగంట వాన దంచింది. చేలు పచ్చబడతాయని ఊరంతా సంబరపడింది. అయిదో రోజుకు పత్తి మొక్కలు మళ్లీ తలలు వాల్చాయి.

నాగక్కకు అప్పుడు ముప్పై అయిదేళ్లు. చేనులో కూర్చుని చాలాసేపు ఆలోచించింది. వాన పడిన మాట నిజం, తను తడిసిన మాటా నిజం. మరి ఆ నీళ్లు ఎటు పోయినట్టు? గడ్డపార తెచ్చి ఒక మొక్క పక్కన తవ్వింది. పైన రెండు వేళ్ల మందం మన్ను చల్లగా ఉంది. దాని కింద మూరెడు లోతు వరకు పొయ్యిలోని బూడిదలా పొడిపొడిగా రాలింది.

ఇప్పలగుంపు కొత్తగూడెం దాటి భద్రాచలం వైపు పోయే దారిలో, అడవి లోపలికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ముప్పై కోయ ఇళ్లు, వాగు అవతల ఒక లంబాడా తండా. నాగక్క, ఆమె భర్త దూలయ్యలది అడవి అంచున నాలుగెకరాల చేను. పై భాగం ఏటవాలు ఎర్ర చెలక, వాగు వైపు కాస్త నల్లరేగడి. వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, మిగతా కాలమంతా ఆ నాలుగెకరాలే వాళ్ల బతుకు.

అదే ఏడు ఆ ప్రాంతంలో నీటి సంరక్షణ ప్రాజెక్టు ఒకటి మొదలైంది. దాని తరఫున బోనకల్ నుంచి తబితా అనే పాతికేళ్ల అమ్మాయి వచ్చింది. పదిహేను రోజులకొకసారి చేలల్లో మన్ను తీసి సంచుల్లో కట్టుకుని ఖమ్మం తీసుకుపోయేది. తవ్వే కూలికి నాగక్కను పెట్టుకుంది.

"ఈ మన్ను గంత దూరం తీస్కపోయి ఏం జేస్తరు మేడమ్?" అని మూడోసారి వచ్చినప్పుడు నాగక్క అడిగింది.

"తూకం వేస్తాం అక్కా. తర్వాత ఎండబెట్టి మళ్లీ తూకం వేస్తాం. ఎంత తగ్గిందో అదే అందులో ఉన్న నీళ్లు."

నాగక్క గుప్పెడు మన్ను తీసి అరచేతిలో గట్టిగా నొక్కి, విప్పి చూపించింది. మన్ను ముద్ద కట్టలేదు, పొడిగా జారిపోయింది. ఇంకాస్త లోతు నుంచి తీసి నొక్కింది. ఈసారి ముద్ద నిలిచింది, వేళ్ల అచ్చులు కూడా పడ్డాయి.

"ఈడికెల్లి తడి ఉన్నది. దీనికి తూకమెందుకు?"

తబితా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి తన లెక్కతో పాటు నాగక్క చేతి లెక్కను కూడా పక్కన రాసుకుంది. రెండింటికీ పెద్ద తేడా రాలేదు. ఆ మాట విని నాగక్క గుంట పూడ్చే పనిలో పడింది. ఇంటికి పోయి దూలయ్యకు మాత్రం రెండుసార్లు చెప్పింది.

2005లో ప్రాజెక్టు అయిపోయింది. తబితాకు వేరే చోట పని దొరికింది. పోయేముందు చెప్పడానికి వచ్చి, నాగక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆమె పోయిన మరుసటి అమావాస్య నాడు నాగక్క గడ్డపార తీసుకుని చేనుకు పోయింది.

"కూలి ఇచ్చెటోళ్లు పోయిండ్రు గదా, ఇంక ఎవలి కోసం తవ్వుతవ్?" అన్నాడు దూలయ్య.

"నేను సూస్కోవాలె గదా" అంది నాగక్క.

రాయడం రాదు కాబట్టి తన పద్ధతి తనే పెట్టుకుంది. ప్రతి అమావాస్యకు, ప్రతి పున్నమికి పై చెలకలో ఒక గుంట, కింది రేగడిలో ఒక గుంట తవ్వుతుంది. మన్ను ఎక్కడ ముద్ద కడుతుందో అక్కడి దాకా ఒక వెదురు పుల్లను దించి, నేల మట్టానికి కోస్తుంది. పుల్ల ఎంత పొడుగుంటే తడి అంత లోతుకు దిగిపోయిందన్న మాట. రెండు మూరల్లో తడి తగలకపోతే ఆ పుల్లకు ఒక గాటు పెడుతుంది. ఏడాది పుల్లలన్నిటినీ తలలు సమంగా పెట్టి, తాటి నారతో తడిక అల్లినట్టు వరుసగా అల్లుతుంది. చుట్టచుట్టి పొయ్యి మీది అటకలో పెడుతుంది. పొగ తగిలితే వెదురుకు పుచ్చు పట్టదు.

ఊళ్లో ఆమెకు 'గుంటల నాగక్క' అని పేరు పడింది. తండా నుంచి వాగు దాటి వచ్చే హరిలాల్ అయితే ఎప్పుడు ఎదురుపడినా, "ఏం నాగక్కా, బంగారం తగిలిందా?" అనేవాడు. 2009 చుట్టను దూలయ్య ఒక ముసురు రోజున ఎండుపుల్లలు దొరకక పొయ్యిలో పెట్టేశాడు. నాగక్క వారం రోజులు అతనితో మాట్లాడలేదు. ఆ తర్వాత దూలయ్య ఆ పుల్లల జోలికి పోలేదు సరికదా, అడవికి పోయినప్పుడు మంచి వెదురు కనబడితే తనే కొట్టుకొచ్చేవాడు.

ఆమె ఎప్పుడూ తప్పు చేయలేదని కాదు. 2013లో తొలకరి పడగానే అందరూ విత్తారు. నాగక్క గుంట తవ్వి చూసింది. పై నుంచి బెత్తెడు లోతు వరకే తడి దిగింది. ఇంకో వాన పడాలని ఆగింది. వాన పడింది, కానీ ఆగలేదు. పద్దెనిమిది రోజులు ముసురు పట్టి రేగడిలో కాలు పెట్టే వీలు లేకపోయింది. ఆలస్యంగా వేసిన పత్తి సగం కూడా రాలేదు. ఊరంతా నవ్వింది. దూలయ్య నవ్వలేదు, కానీ ఆ ఏడాదంతా కూలికి పోవలసి వచ్చింది.

"గుంట అబద్ధం జెప్పలే. కింద ఏమున్నదో అదే జెప్పింది. రేపటి వాన సంగతి గూడ అదే జెప్తదనుకున్న. తప్పు నాది" అని ఆమె బావి దగ్గర ఆడవాళ్లందరి ముందు ఒప్పుకుంది.

ఆ ఓటమి తర్వాత వేరేవాళ్లయితే గడ్డపార మూల పెట్టేవాళ్లు. నాగక్క ఒక మధ్యాహ్నం అటకలోని చుట్టలన్నీ దించి, వాకిట్లో ఏడు పక్కన ఏడు పరిచింది. చాలాసేపు వాటి చుట్టూ తిరిగింది. మొదటి ఏళ్లల్లో దీపావళి అమావాస్య నాటి పుల్ల జానెడు ఉంది. ఇటీవలి ఏళ్లల్లో అదే పుల్ల మూరకు దగ్గర పడింది. ఇంకో సంగతి ఆమెను ఎక్కువ భయపెట్టింది. పాత చుట్టల్లో వానాకాలం అంతా పొట్టి పుల్లలే. కొత్త చుట్టల్లో ఆ పొట్టి పుల్లల మధ్య మధ్య పొడుగు పుల్లలు కనిపించాయి. అంటే శ్రావణంలో కూడా నేల లోపల ఎండుతోంది.

"వాన తక్కువైతలేదు" అని దూలయ్యకు వేలు పెట్టి చూపించింది. "నెల వాన నాలుగొద్దులల్ల పడుతున్నది. పడ్డది పడ్డట్టే వాగుల కలుస్తున్నది. నేల తాగెటందుకు దానికి టైమ్ లేదు."

దూలయ్య ఆ పుల్లల వైపు కొంతసేపు చూసి, "మరి ఆ నీళ్లను ఆపుదామా?" అన్నాడు.

ఆ వేసవిలో ఇద్దరూ పై చెలకలో వాలుకు అడ్డంగా రాళ్లు పేర్చడం మొదలుపెట్టారు. మోకాలెత్తు కట్టలు, ఏడాదికి రెండు మూడు మాత్రమే లేచేవి. పత్తి కట్టెను తగలబెట్టడం మానేసి నరికి చేనులోనే పరిచారు. సాళ్ల మధ్య కంది, జొన్న కలిపి వేశారు. అడవి అంచున రాలిన ఆకు గంపలతో మోసి నేల మీద కప్పారు. మొదటి ఏడు ఆకుకు చెద పట్టింది. రెండో ఏడు తండా మేకలు పడి కందిని మేసిపోయాయి. మూడో ఏడు నుంచి ఆమె చేనును రెండు చేసింది. సగానికి ఆకు కప్పింది, సగం ఎప్పటిలా వదిలేసింది. రెండింట్లోనూ గుంటలు తవ్వింది. తను చేస్తున్నది నిజంగా పనికొస్తోందో లేదో తెలియాలి కదా అని.

పనికొచ్చింది. వాన ఆగిన ఇరవయ్యో రోజు ఉత్త నేలలో తడి మూరెడు లోతున ఉంటే, ఆకు కప్పిన నేలలో జానెడు లోతులోనే చేతికి తగిలేది.

2023 జులైలో వానలు విరుచుకుపడ్డాయి. భద్రాచలం దగ్గర గోదావరి పొంగింది, ఇప్పలగుంపు వాగు రెండు రోజులు ఎవరినీ దాటనివ్వలేదు. ఇంత తడిశాక ఈ ఏడు కరువు మాటే ఉండదని అందరూ అనుకున్నారు. ఆగస్టులో వానలు ముఖం చాటేశాయి. నెల రోజులు ఎండ కాసింది. పత్తి మీది పూత రాలడం మొదలైంది.

ఒక పొద్దున హరిలాల్ వాగు దాటి వచ్చాడు. నాగక్క చేను గట్టున నిలబడి చూశాడు. ఉత్తగా వదిలిన సగంలో మొక్కలు వాడిపోయి ఉన్నాయి. ఆకు కప్పిన సగంలో ఆకులు పచ్చగా, పూతతో నిలబడి ఉన్నాయి. రెండింటికీ మధ్య ఒక్క సాలు దూరం.

"నీళ్లు పెట్టినవా అక్కా?" అన్నాడు.

"ఏడికెల్లి పెడతం అన్నా? నాకు బోరున్నదా, మోటరున్నదా?"

హరిలాల్ వంగి ఆకును పక్కకు జరిపి మన్ను తీశాడు. నొక్కాడు. ముద్ద కట్టింది. లేచి నిలబడి చేతి మన్ను దులుపుకున్నాడు.

"మా చేన్ల గూడ ఒకసారి తవ్వి సూడరాదు" అన్నాడు.

బంగారం మాట నాగక్క ఎత్తలేదు. గడ్డపార భుజాన వేసుకుని అతని వెంట వాగు దాటింది. హరిలాల్ చేనులో రెండు మూరలు తవ్వినా తడి తగల్లేదు. అతని భార్య బాలి గట్టు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. నాగక్క ఆమె పక్కన కూర్చుని, "ఈ ఏటికి ఇంతే బాలీ. వచ్చే ఎండకాలం రాళ్లు మోద్దాం, నేను వస్త" అంది. చెప్పినట్టే పోయింది. ఆ వేసవిలో తండా వైపు వాలులో పదకొండు కట్టలు లేచాయి. కోయ ఆడవాళ్లు, లంబాడా ఆడవాళ్లు కలిసి మోశారు. ఒకరి భాష ఒకరికి సగమే తెలిసినా పని ఆగలేదు.

తబితా మళ్లీ వచ్చింది అంతకు ముందే, 2023 డిసెంబరులో. ఇప్పుడు ఆమె ఖమ్మంలో, ఖానాపురం హవేలిలో ఉంటోంది, రైతులకు శిక్షణ ఇస్తోంది. ఎండిపోయిన పత్తి మధ్య ఒకే చేను పచ్చగా ఉన్న ఫొటో ఎవరో పంపితే, ఊరి పేరు చూసి బయల్దేరింది. వెంట ప్రభాకర్ అనే యువ శాస్త్రవేత్త వచ్చాడు.

నాగక్క అటక మీది చుట్టలు దించి పరిచింది. పద్దెనిమిదేళ్ల కాలానికి పదిహేడు చుట్టలు. తబితా ఒక్కో చుట్ట మీద చెయ్యి వేసి చూసింది.

"నువ్వు ఆపలేదా అక్కా?"

"ఆపమని నువ్వు జెప్పలే గదా" అంది నాగక్క నవ్వుతూ.

ప్రభాకర్ నేల మీద మోకాళ్లపై కూర్చుని టేపుతో ఒక్కొక్క పుల్లను కొలిచాడు. రెండు రోజులు పట్టింది. ఉపగ్రహం నుంచి చూస్తే పై రెండు మూడు వేళ్ల మందం తడి మాత్రమే తెలుస్తుందని, వేళ్లు దిగే లోతులో ఏం జరుగుతోందో ఈ అడవి అంచున ఇన్నేళ్ల పాటు ఎవరూ కొలిచి పెట్టలేదని అతను చెప్పాడు. "మేం కంప్యూటర్‌లో గీసే గీత ఇదేనమ్మా. మీరు నారతో అల్లి పెట్టారు."

నాగక్కకు ఆ మాట నచ్చింది. కానీ వెంటనే 2009 గురించి చెప్పింది. "గా ఏడుది లేదు సారూ. మా ఆయన కాలబెట్టిండు. అది ఖాళీగనే రాస్కోండ్రి, మధ్యల ఏదో ఒకటి నింపకుండ్రి." దూలయ్య తల గోక్కుంటూ వాకిట్లోంచి బయటికి పోయాడు.

ఇప్పుడు ఆమె మోకాళ్లు సహకరించడం లేదు. ఎర్ర చెలకలో గుంట తవ్వేది బాలి, మన్ను నొక్కి చూసేది నాగక్క. పోయిన ఏడాది కల్లూరు నుంచి పదిమంది రైతులు ఆటోలో వచ్చి, తడి ఎలా నిలబెట్టాలో చెప్పమని అడిగారు. ఆమె వాళ్లకు అంబలి పోసి, "మీ చేన్లల్ల ఇయ్యాల తడి ఎంత లోతున ఉన్నది?" అని అడిగింది. వాళ్లలో ఎవరూ తవ్వి చూసినవాళ్లు కారు.

"గదైతె ముందు జూసి రాండ్రి. నా చేను జూస్తె నా చేను సంగతే తెలుస్తది."

వాళ్లు కాస్త చిన్నబుచ్చుకునే పోయారు. వారం తర్వాత పున్నమి నాడు బాలి ఫోన్ మోగింది. కల్లూరు నుంచి రాంబాబు అనే రైతు. బాలి ఫోన్ తెచ్చి నాగక్క చెవి దగ్గర పెట్టింది.

"అక్కా, తవ్విన. జానెడు మీద నాలుగు వేళ్లు."

"ఏడ తవ్వినవ్ తమ్మీ? గట్టు పక్కనా, నడిమిట్లనా?"

"గట్టు పక్కన."

"గట్టు పక్కన నీడ ఉంటది, తడి ఎక్కువ సూపెడ్తది. నడిమిట్ల తవ్వు" అంది నాగక్క. "జల్దీ పో. నేను ఈడనే ఉంట, తవ్వి మళ్లొకసారి ఫోన్ చెయ్యి."